అదే మిల్లు, అవే మెషీన్లు, ఎక్కువ నూలు: మేనేజర్‌కి లీన్ ట్రైనింగ్ ఎందుకు?

ఈ ఎపిసోడ్‌లో లీన్ మాన్యుఫ్యాక్చరింగ్ గురించి మాట్లాడుకుందాం. పేరు వినగానే ఎంబీఏ క్లాసులా అనిపిస్తుంది కదా? కానీ ఒకసారి చిలకలూరిపేట నుంచి గుంటూరుకి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోండి. స్పిన్నింగ్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, కోల్డ్ స్టోరేజీలు, కారం పొడి యూనిట్లు కనపడతాయి. ఈ రోజు టాపిక్ వాటి గురించే.

మన దగ్గర బీటెక్, డిప్లొమా అయ్యాక సాఫ్ట్‌వేర్‌కి వెళ్లని కుర్రాళ్లలో చాలామంది ఇలాంటి చోట్లే సూపర్‌వైజర్‌గా చేరతారు. చేరిన రోజు ఓనర్ చెప్పే మాట ఒక్కటే: "ప్రొడక్షన్ తగ్గకూడదు." ఎలా తగ్గకుండా చూడాలో ఎవరూ చెప్పరు. అప్పుడు ఆ కుర్రాడు చేసేది ఏంటంటే, తన పై మేనేజర్ చేసేదే. షెడ్డులోకి వెళ్లి పనివాళ్ల మీద అరుస్తాడు. అరుపులకి ప్రొడక్షన్ ఒక పూట పెరుగుతుంది, మర్నాడు మళ్లీ మామూలే. ఆ "ఎలా" అన్నదాన్ని నేర్పడానికే లీన్ ట్రైనింగ్.

టొయోటా కథ మగ్గంతో మొదలైంది

నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రోజూ కాన్‌బాన్ బోర్డు చూసేవాళ్లం. చేయాల్సినవి, జరుగుతున్నవి, అయిపోయినవి అని మూడు గడులు. మీలో చాలామంది ఇప్పటికీ చూస్తుంటారు. అది ఐటీ వాళ్లు కనిపెట్టింది కాదు ఫ్రెండ్స్. టొయోటా కార్ల ఫ్యాక్టరీలో ఏ పార్టు ఎప్పుడు ఎంత కావాలో చెప్పడానికి వాడిన కార్డు అది. అక్కడి ఇంజనీర్ తాయిచి ఓనో, యుద్ధం తర్వాత డబ్బు, జాగా రెండూ తక్కువున్న రోజుల్లో ఈ పద్ధతిని నిలబెట్టాడు.

ఇంకా వెనక్కి వెళ్తే కథ మన పత్తి దగ్గరికే వస్తుంది. టొయోటా కుటుంబం కార్లకంటే ముందు మగ్గాలు తయారు చేసేది. సకిచి టొయోడా 1924లో పూర్తి చేసిన ఆటోమేటిక్ మగ్గం దారం తెగితే దానంతట అదే ఆగిపోయేది. 1929లో ఇంగ్లండ్‌కి చెందిన ప్లాట్ బ్రదర్స్ అనే పెద్ద కంపెనీ ఆ పేటెంట్ హక్కులు కొనుక్కుంది. చీరాలలోనో మంగళగిరిలోనో మగ్గం మీద నేసేవాళ్లని చూడండి. పోగు తెగితే ఆపి, ముడేసి, మళ్లీ నేస్తారు. తెగిన పోగుతోనే నేసుకుంటూ పోతే చీర మొత్తం పాడవుతుందని వాళ్లకి తెలుసు. తప్పు కనపడగానే ఆగు, సరిచెయ్యి, అప్పుడే ముందుకెళ్లు. లీన్‌లో సగం ఇదే.

రెండో సగం, వృథాని చూడటం. "లీన్" అనే పేరు 1988లో జాన్ క్రాఫ్‌సిక్ అనే ఆయన రాసిన వ్యాసంతో వచ్చింది. కొవ్వు లేని ఒళ్లు అన్నట్టు, వృథా లేని పని అని అర్థం.

ఏడు రకాల వృథా, మన మిర్చి యూనిట్‌లో

ఓనో వృథాని ఏడు రకాలుగా విడగొట్టాడు. జపాన్ ఉదాహరణలు ఎందుకు, ఒక కారం పొడి యూనిట్‌లోనే చూద్దాం.

ఒకటి, అవసరానికి మించి తయారు చేయడం. ఆర్డర్ లేకుండానే పొడి పట్టి పెడతారు. పొడి పట్టాక రంగు కాయలో నిలిచినన్నాళ్లు నిలవదు. రెండు, ఎదురుచూడటం. మర ఖాళీగా ఉంటుంది, ఏరిన కాయ రాదు. మూడు, అనవసరంగా మోయడం. అవే టిక్కీలు ఈ షెడ్డు నుంచి ఆ షెడ్డుకి, మళ్లీ ఇటు. నాలుగు, ఒకే పనిని అవసరం లేకుండా రెండోసారి చేయడం. ఐదు, కుప్పలు కుప్పలుగా సరుకు. ఆరు, మనిషి అనవసరపు కదలిక. జల్లెడ కోసం, స్పానర్ కోసం వెతుక్కుంటూ తిరగడం. ఏడు, లోపాలు. తాలు కాయ, తొడిమ, రాయి, తేమ. ఇవి మొదట్లోనే దొరికితే ఒక టిక్కీ నష్టం. ప్యాకింగ్ అయ్యాక దొరికితే బ్యాచ్ మొత్తం నష్టం. ఎగుమతి లోడు వెనక్కొస్తే ఇక చెప్పక్కర్లేదు.

ఇక్కడొక మెలిక ఉంది. టొయోటా పద్ధతిని మన దగ్గర గుడ్డిగా కాపీ కొట్టకూడదు. కారు పార్టులు ఏడాది పొడుగునా తయారవుతాయి కాబట్టి వాళ్లు సరుకు నిల్వని బాగా తగ్గించగలరు. మన మిర్చి గుంటూరు యార్డుకి ఎక్కువగా వచ్చేది జనవరి, ఫిబ్రవరి నుంచి ఎండాకాలం దాకా. కారం పొడి మాత్రం ఏడాదంతా అమ్ముకోవాలి. "నిల్వ అంటే వృథా" అని పుస్తకంలో చదివి కాయ కొనకుండా కూర్చుంటే సెప్టెంబరులో మర ఆగిపోతుంది. అందుకే తెలివైన మేనేజర్ వేరే ప్రశ్న వేసుకుంటాడు: నిల్వ ఏ రూపంలో ఉండాలి? కాయగా కోల్డ్ స్టోరేజీలో ఉంటే రంగు నిలుస్తుంది. ఆర్డర్ వచ్చాక పడితే పొడి తాజాగా వెళ్తుంది. తేజ కావాలంటే తేజ, సన్నం కావాలంటే సన్నం. పొడి పట్టి పెట్టుకుంటే ఆ అవకాశం పోతుంది.

ఒక లెక్క చూద్దాం

ఇప్పుడు స్పిన్నింగ్ మిల్లుకి వెళ్దాం. రింగ్ ఫ్రేమ్ మీద బాబిన్లు నిండగానే మెషీన్ ఆపి, నిండినవి తీసి, ఖాళీవి పెట్టాలి. దీన్నే డాఫింగ్ అంటారు. ఆటోమేటిక్‌గా చేసే కొత్త మెషీన్లు ఉన్నాయి. చేత్తో డాఫింగ్ చేసే ఒక మిల్లు ఉందనుకుందాం. అంకెలు నేను లెక్క కోసం వేసుకున్నవి.

20 రింగ్ ఫ్రేములు. ఒక్కోదానికి రోజుకి 8 డాఫింగ్‌లు. అంటే 160 సార్లు మెషీన్ ఆగుతుంది. ఒక్కోసారి 6 నిమిషాలు పడితే రోజుకి 960 నిమిషాలు, అంటే 16 గంటల మెషీన్ టైమ్ పోతుంది. ఇప్పుడు 6 నిమిషాలని 4 చేయగలిగితే రోజుకి 320 నిమిషాలు మిగులుతాయి. 5 గంటల 20 నిమిషాల నూలు. కొత్త మెషీన్ కొనలేదు. ఎవర్నీ పరిగెత్తించలేదు.

ఎలా తగ్గుతుంది? షింగో అనే జపాన్ ఇంజనీర్ చెప్పిన చిట్కా చాలా సింపుల్. పనిని రెండుగా విడగొట్టు. మెషీన్ ఆగితేనే చేయగలిగేవి, మెషీన్ తిరుగుతుండగానే చేసి పెట్టుకోగలిగేవి. ఖాళీ బాబిన్ల ట్రాలీ ముందే పక్కకి తెచ్చిపెట్టుకోవచ్చు. ఏ ఫ్రేమ్ తర్వాత ఏ ఫ్రేమ్ నిండుతుందో ముందే బోర్డు మీద రాసి పెట్టుకోవచ్చు. రెండు ఫ్రేములు ఒకేసారి ఆగకుండా వరస మార్చుకోవచ్చు. చాలా మిల్లుల్లో ఇవన్నీ మెషీన్ ఆగాకే మొదలవుతాయి. ఎందుకంటే ఎవరూ స్టాప్‌వాచ్ పట్టుకుని అక్కడ నిలబడి చూడలేదు.

ట్రైనింగ్‌లో మేనేజర్ నేర్చుకునేది ఏంటి?

మొదటిది, గదిలోంచి బయటికి రావడం. జపాన్ వాళ్లు గెంబా అంటారు, అసలు పని జరిగే చోటు. రోజూ అక్కడికి వెళ్లాలి, చూడాలి, అడగాలి.

రెండోది, ఐదుసార్లు "ఎందుకు" అని అడగడం. ఒక ఫ్రేమ్ మీద దారం మాటిమాటికీ తెగుతోంది. మామూలుగా అయితే "నువ్వు సరిగ్గా చూడట్లేదు" అని అక్కడ దారాలు అతికే అమ్మాయిని తిడతారు. ట్రైనింగ్ అయిన మేనేజర్ ఇలా వెళ్తాడు.

ఎందుకు తెగుతోంది? ట్రావెలర్లు అరిగిపోయాయి. రింగ్ మీద తిరిగే చిన్న ఇనప ముక్కలవి. ఎందుకు మార్చలేదు? మార్చాల్సిన రోజు ఎవరికీ తెలీదు. ఎందుకు తెలీదు? ఎక్కడా రాసి లేదు. ఎందుకు రాయలేదు? పాత మేస్త్రీకి నోటికి తెలుసు, ఆయన పని మానేశాడు. ఆయన ఉండగా ఎందుకు రాయించుకోలేదు? మేనేజర్ ఎప్పుడూ అడగలేదు.

చూశారా ఎక్కడికొచ్చిందో! ఆ అమ్మాయితో మొదలై మేనేజర్ టేబుల్ దగ్గర ఆగింది. తిడితే ట్రావెలర్ మారదు కదా. నాకు లీన్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే. "ఎవరు చేశారు?" అనే ప్రశ్న పోయి "ఎందుకు జరిగింది?" అనే ప్రశ్న వస్తుంది.

మూడోది, పని నేర్పే పద్ధతి. దీనికి మూలం అమెరికాలో. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఫ్యాక్టరీల్లోకి కొత్తవాళ్లు లక్షల్లో వచ్చారు. వాళ్లకి త్వరగా పని నేర్పడానికి సూపర్‌వైజర్లకి ట్రైనింగ్ ఇచ్చే ప్రోగ్రామ్ ఒకటి పెట్టారు. యుద్ధం తర్వాత అది జపాన్‌కి వెళ్లింది, టొయోటా కూడా అందిపుచ్చుకుంది. నాలుగే మెట్లు: భయం పోగొట్టి కూర్చోబెట్టు, చేసి చూపించు, వాళ్లతో చేయించు, తర్వాత కూడా వచ్చి చూస్తూ ఉండు. మన మిల్లుల్లో ఒడిశా, బీహార్ నుంచి వచ్చినవాళ్లు కూడా పని చేస్తారు. భాష రాని కుర్రాడికి అరిచి చెప్తే ఏం అర్థమవుతుంది చెప్పండి? చేసి చూపిస్తే అర్థమవుతుంది.

నాలుగోది, 5ఎస్. అక్కర్లేనివి తీసెయ్, ఉన్నవి చోటు పెట్టి సర్దు, శుభ్రం చెయ్, దాన్నే పద్ధతిగా పెట్టు, అలవాటు చెయ్. మన అమ్మమ్మల పోపుల పెట్టె ఉంది చూడండి, ఆవాలు ఎక్కడో జీలకర్ర ఎక్కడో కళ్లు మూసుకుని తీస్తారు. స్టోర్ రూమ్ కూడా అలా ఉండాలి.

అసలు ఇది పనిచేస్తుందా?

ఇది మంచి ప్రశ్న. దీన్ని మన దేశంలోనే, బట్ట నేసే మిల్లుల్లోనే పరీక్షించారు. నికొలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త, ఆయన టీమ్ ముంబై దగ్గర 17 కంపెనీలకి చెందిన 28 ప్లాంట్లు తీసుకున్నారు. అన్నీ కాటన్ బట్ట నేసేవే. కొన్ని ప్లాంట్లకి నెల రోజులు పరిశీలన, తర్వాత నాలుగు నెలలు దగ్గరుండి అమలు చేయించారు. మరికొన్నిటికి పరిశీలన మాత్రమే. చేయించినవి ఏవో గొప్ప టెక్నాలజీలు కావు. మెషీన్ ఎంతసేపు ఆగిందో రాయడం, లోపాలు ఏ రకమో రాయడం, స్టోర్‌లో నూలుకి లేబుల్ వేయడం, రోజూ కాసేపు కలిసి మాట్లాడుకోవడం. మొదటి ఏడాదిలోనే ఉత్పాదకత 17 శాతం పెరిగింది. 2013లో ఆ రిజల్ట్స్ పబ్లిష్ అయ్యాయి.

మరి ఓనర్లు ఇవన్నీ ముందే ఎందుకు చేయలేదు? కొన్ని వాళ్లకి తెలీదు. తెలిసినవి కూడా "మనకి అక్కర్లేదులే, చుట్టుపక్కల వాళ్లకంటే మన క్వాలిటీ బాగానే ఉంది" అనుకున్నారు.

కొన్నేళ్ల తర్వాత అదే టీమ్ మళ్లీ వెళ్లి చూసింది. నేర్పిన పద్ధతుల్లో సగం దాకా మానేశారు. అయినా ట్రైనింగ్ లేని ప్లాంట్ల కంటే ఇవి ముందే ఉన్నాయి. ఎక్కువగా ఎక్కడ మానేశారు? మేనేజర్ మారిన చోట. అంటే ఒక్క మనిషికి నేర్పి వదిలేస్తే, ఆయన వేరే మిల్లుకి పోయిన రోజు చదువు కూడా ఆయనతోనే పోతుంది. నేర్పేది కనీసం ఇద్దరు ముగ్గురికి నేర్పాలి. బోర్డు మీద, రిజిస్టర్‌లో ఉండాలి.

పనివాళ్ల పొట్ట కొడితే లీన్ చచ్చిపోతుంది

ఇది చెప్పకుండా ఎపిసోడ్ ముగిస్తే అన్యాయం. మిర్చికి తొడిమలు తీసే పని మన దగ్గర ఎక్కువగా ఆడవాళ్లే చేస్తారు, కిలోకి ఇంత అని కూలి. ఒక సూపర్‌వైజర్ బల్ల ఎత్తు సరిచేశాడు, వెలుతురు పెంచాడు, కాయ చేతికందేలా పెట్టించాడు అనుకుందాం. అదే టైమ్‌లో ఎక్కువ కిలోలు అవుతాయి. అప్పుడు ఓనర్ "బాగా స్పీడయ్యారు కదా" అని కిలో రేటు తగ్గించాడనుకోండి. అంతే. ఇక ఆ షెడ్డులో ఎవరూ ఒక్క ఐడియా కూడా నోరు విప్పి చెప్పరు. ఎందుకు చెప్తారు?

అందుకే మొదటి రోజే ఓనర్ మాటివ్వాలి: మీరు చెప్పిన మార్పు వల్ల ఎవరి పని పోదు, ఎవరి రేటు తగ్గదు. ఆ మాట లేని చోట లీన్ అంటే పని పెంచడానికి పెట్టిన అందమైన పేరు. పనివాళ్లు దాన్ని నమ్మరు, నమ్మకపోవడం కరెక్టే.

ఎక్కడ మొదలుపెట్టాలి?

చిన్న యూనిట్లకి ఖర్చు భయం ఉంటుంది. కేంద్ర ప్రభుత్వానికి ఎంఎస్ఎంఈ కాంపిటిటివ్ లీన్ స్కీమ్ అని ఒకటి ఉంది. 2009లో పైలట్‌గా మొదలైన పాత స్కీమ్‌ని మార్చి 2023 మార్చిలో కొత్తగా తెచ్చారు. బేసిక్, ఇంటర్మీడియట్, అడ్వాన్స్‌డ్ అని మూడు లెవెల్స్. బేసిక్‌కి ఫీజు లేదు. పై రెండు లెవెల్స్‌లో కన్సల్టెంట్ ఖర్చులో 90 శాతం కేంద్రమే పెట్టుకునేలా రూపొందించారు. యూనిట్‌కి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి. అప్లై చేసే ముందు అఫీషియల్ పోర్టల్‌లో ప్రస్తుత రూల్స్ ఒకసారి చూసుకోండి.

మీరే ఒక మిల్లులో సూపర్‌వైజర్ అయితే స్కీమ్ వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒక్క మెషీన్ తీసుకోండి. ఒక నోటు పుస్తకం కొనండి. వారం రోజులు ఆ మెషీన్ ఎప్పుడు ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎందుకు ఆగింది, ఈ మూడే రాయండి. ఎవరు ఆపారు అన్నది మాత్రం రాయొద్దు. పేరు రాస్తే నిజం చెప్పరు. వారం చివర లెక్కేసి, ఎక్కువ టైమ్ తిన్న కారణం ఒక్కటి పట్టుకోండి. ఆ మెషీన్ నడిపే అన్ననో అక్కనో కూర్చోబెట్టి "ఇది ఎలా తగ్గిద్దాం?" అని అడగండి. జవాబు చాలాసార్లు వాళ్ల దగ్గరే ఉంటుంది, ఇన్నాళ్లూ అడిగినవాళ్లే లేరు.

మన పత్తి, మన మిర్చి మంచి పేరున్న పంటలు. ఆ పేరుకి తగ్గ పని ఫ్యాక్టరీ గోడల లోపల కూడా జరిగితే ఇక్కడి ఉద్యోగాలు ఇక్కడే నిలబడతాయి. మీ ఊళ్లో మిల్లులో పనిచేసే ఫ్రెండ్ ఎవరైనా ఉంటే ఈ ఎపిసోడ్ వాట్సాప్‌లో పంపించండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటాను మరి.