చీటీ లేకుండా వచ్చిన పేషెంట్

పోయిన వారం తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైల్లో మా మేనత్త కొడుకు ఫోన్‌లో ఒక రీల్ చూపించాడు. అందులో ఒకాయన పేషెంట్ మెడ పట్టుకుని చటుక్కున తిప్పాడు, టప్‌మని సౌండొచ్చింది. "బావా, నువ్వు చదివింది ఇదేగా? నాకూ ఒకసారి తిప్పు" అన్నాడు మావాడు.

ఇది కాదురా అన్నాను. అది కైరోప్రాక్టిక్. 1895లో అమెరికాలో డావెన్‌పోర్ట్ అనే ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. అక్కడ దానికి కాలేజీలు, లైసెన్సులు ఉన్నాయి. మన దేశంలో దానికి లైసెన్సు ఇచ్చే కౌన్సిల్ అంటూ లేదు. నేను చదివింది ఫిజియోథెరపీ. ఇంకో మాట, ఆ టప్ సౌండు ఎముక సర్దుకున్న చప్పుడు కాదు. కీలు లోపల ఉండే ద్రవంలో గ్యాస్ వల్ల వచ్చేది. మెడని అలా తిప్పితే ఎప్పుడో అరుదుగా మెదడుకి వెళ్లే రక్తనాళం చిరిగి పక్షవాతం రావచ్చు. అందుకే మావాడి మెడ ముట్టుకోలేదు.

కానీ రైలు దిగాక ఒక ప్రశ్న నన్ను వదల్లేదు. తిప్పడం అందరూ నేర్పుతారు. ఎవరికి తిప్పకూడదో ఎక్కడ నేర్పుతారు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో కైరోప్రాక్టిక్ చదువు మీద ఒక మార్గదర్శకం ఇచ్చింది. కొత్తగా చేరినవాళ్లకి 4200 గంటలు చదువు ఉండాలి, అందులో కనీసం 1000 గంటలు సీనియర్ల పర్యవేక్షణలో పేషెంట్లతో గడపాలి అని. మా బీపీటీకి నాలుగేళ్లు చదువు, ఆపైన ఆరు నెలలు ఇంటర్న్‌షిప్. కొత్త జాతీయ సిలబస్‌లో ఇంటర్న్‌షిప్ ఏడాది చేశారు, మంచిదే. అయితే నా అనుభవంలో గంటలు తక్కువై దెబ్బ తినలేదు. ఆ గంటల్లో ఏం చేశామన్నదే అసలు సంగతి.

మా ఇంటర్న్‌షిప్ ఎలా ఉండేదో చెప్తాను. పేషెంట్ ముందు ఎముకల డాక్టర్ గారి దగ్గరకు వెళ్తాడు. ఆయన చీటీ మీద 'నడుం నొప్పి, ఐఎఫ్‌టీ, వ్యాయామాలు' అని రాసి మా దగ్గరకు పంపుతాడు. మేం ప్యాడ్లు అంటించి, మిషన్ ఆన్ చేసి, టైమ్ చూస్తాం. మన ఊళ్లలో దీన్నే 'కరెంటు పెట్టడం' అంటారు. జబ్బేంటో అప్పటికే ఒకరు తేల్చేశారు కదా, ఇక మేం బుర్ర పెట్టే పనేముంది? పైగా నెల తిరిగేసరికి పోస్టింగ్ మారిపోతుంది. మొదటి రోజు చూసిన పేషెంట్ పదో రోజుకి ఎలా ఉన్నాడో మాకు తెలియదు. నా లాగ్‌బుక్ నిండా సంతకాలే. అందులో మొదటి ప్రశ్న నుంచి చివరిదాకా నేనే స్వయంగా పరీక్షించిన నడుం నొప్పి కేసులు లెక్కపెడితే ఆరు. సరిగ్గా ఆరు.

పాసై రేపల్లెలో ఒక చిన్న క్లినిక్‌లో చేరాను. అక్కడ చీటీ ఉండదు. నాట్లేసి నడుం పట్టేస్తే జనం ముందు ఏదో నూనె రాస్తారు, తర్వాత పుత్తూరు కట్టు బోర్డు కనపడితే అక్కడికి వెళ్తారు, తగ్గకపోతే తిన్నగా మా దగ్గరకు వస్తారు. డాక్టర్ని చూసి రారు. అంటే వాళ్లని చూసే మొదటి మనిషిని నేనే అన్నమాట. నాకు ఒక్క రోజు కూడా ప్రాక్టీస్ లేని పని అదే.

రెండో నెలలో ఒక పెద్దావిడ వచ్చింది. వంగి కలుపు తీసే మనిషి. "నడుం లాగేస్తంది బాబూ, కరెంటు పెట్టు" అంది. పెట్టాను. మర్నాడూ పెట్టాను. మూడో రోజు ప్యాడ్లు అంటిస్తుంటే మామూలుగా అన్నట్టు అంది, "సందేళ అయితే ఒళ్లు కాస్త వెచ్చబడతంది. జాకెట్లన్నీ వదులైపోయినై" అని.

నా చేయి ఆగిపోయింది. బయటికొచ్చి తెనాలిలో ఉండే మా సీనియర్‌కి ఫోన్ చేశాను. ఆయన వరసగా అడిగాడు: రాత్రి పడుకున్నా నొప్పి తగ్గడం లేదా? జ్వరం ఉందా? బరువు తగ్గిందా? ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా? కాళ్లలో బలం ఎలా ఉంది? కూర్చునే చోట తిమ్మిరి, మూత్రం పోయడంలో తేడా ఏమైనా ఉందా? ఇవన్నీ నేను పరీక్షలో రాసినవే, మార్కులు కూడా బాగానే వచ్చాయి. మంచం మీదున్న మనిషిని మాత్రం ఒక్కటీ అడగలేదు.

ఆ రోజే ఆవిణ్ణి గుంటూరు పంపించాం. స్కాన్‌లో తేలింది, వెన్నెముక టీబీ. మందులు ప్రభుత్వం ఉచితంగానే ఇస్తుంది. ఆలస్యమైతే కాళ్లు పడిపోయే జబ్బు అది. రీల్లో ఆయనలాగా ఎవరైనా ఆ నడుముని టప్‌మనిపించి ఉంటే? ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర సరిగా పట్టదు. కాలేజీని తిట్టుకున్నాను, నన్ను నేను ఇంకా ఎక్కువ తిట్టుకున్నాను.

ఫైనలియర్లో ఉన్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీ సార్‌ని ఒక్కటి అడగండి. వారానికి ఒక్క పేషెంట్‌నైనా, చీటీ చూడకముందు మమ్మల్ని పరీక్షించనివ్వండి, మీరు పక్కన నిలబడి చూడండి అని. అడిగితే కాదనేవాళ్లు తక్కువ. అసలు అడిగేవాళ్లే లేరు, నేనూ అడగలేదు. ఇక పేషెంట్లుగా వెళ్లే మీకు ఒక గుర్తు చెప్తాను. ఏ ప్రశ్నా వేయకుండా నేరుగా నడుం మీదో మెడ మీదో చేయి వేస్తే, ఎంత పెద్ద బోర్డు ఉన్నా సరే, లేచి వచ్చేయండి. పైన చెప్పిన తిమ్మిరి, మూత్రం తేడా కనపడితే క్లినిక్ కాదు, ఆ గంటలోనే పెద్దాసుపత్రి.

బాపట్లలో నా బ్యాచ్‌మేట్ ఒకడు ప్రాక్టీస్ చేస్తున్నాడు. వాడు, నేను, తెనాలి సీనియర్ ముగ్గురం ఇప్పుడు ప్రతి ఆదివారం ఫోన్‌లో కూర్చుంటాం. పేర్లు చెప్పకుండా ఒక్కో కేసు పెడతాం. మిగతా ఇద్దరూ 'ఇది అడిగావా, అది అడిగావా' అని పీకుతారు. పోయిన ఆదివారం నా వంతు. పదకొండు ప్రశ్నలకి జవాబు చెప్పాను, రెండింటికి నీళ్లు నమిలాను. సోమవారం పొద్దున్నే ఆ పేషెంట్‌కి ఫోన్ చేసి ఆ రెండూ అడిగాను.