చెక్ ఇంజన్ లైటు వెలిగితే సెన్సార్ పోయినట్టేనా?

2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకి వచ్చాక మామూలు స్కూటర్‌కి కూడా ఇంజన్ చుట్టూ సెన్సార్లు వచ్చేశాయి. దాంతో లైటు వెలగడం, షెడ్డులో స్కానర్ పెట్టి ‘సెన్సార్ పోయింది, మార్చాలండీ’ అనడం తెనాలి నుంచి రేపల్లె దాకా మామూలైపోయింది. నిజంగా పోయినవీ ఉంటాయి. కానీ ఉప్పుగాలి, వరద, ఎలుకలు మూడూ ఉన్న మన డెల్టాలో ముందు అనుమానించాల్సింది సెన్సార్‌ని కాదు, దానికి వచ్చే వైరుని.

అపోహ: స్కానర్‌లో ఏ సెన్సార్ పేరు వస్తే అదే చెడిపోయింది.

వాస్తవం: తేడా ఎక్కడ కనబడిందో కోడ్ చెబుతుంది, ఎందుకొచ్చిందో చెప్పదు. పీ0335 అంటే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో లోపం. సెన్సారే పోయి ఉండొచ్చు, కప్లర్ వదులై ఉండొచ్చు, వైరు తెగి ఉండొచ్చు. పీ0171 వస్తే, అంటే ఇంజన్‌లో గాలి పాలు ఎక్కువైందని చూపిస్తే, కొందరు వెంటనే ఆక్సిజన్ సెన్సార్ మార్చేస్తారు. ఇన్‌టేక్ పైపు చీలి గాలి పీలుస్తున్నా, పెట్రోల్ పంపు నీరసించినా వచ్చేది అదే కోడ్. అలాంటప్పుడు ఆ సెన్సార్ ఉన్నదున్నట్టు చెబుతోంది. నిజం చెప్పినదాన్నే తీసి పారేస్తున్నాం.

అపోహ: కొత్తది వేసి చూస్తే తప్ప పాతది బాగుందో లేదో తెలియదు.

వాస్తవం: మల్టీమీటర్ ఉంటే చాలావరకు తెలుస్తుంది. అంతకంటే ముందు కప్లర్ విప్పి కళ్లతో చూడాలి. సూర్యలంక, నిజాంపట్నం వైపు తిరిగే బళ్లలో పిన్నుల మీద పచ్చటి చిలుము పట్టి ఉండొచ్చు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. 2024 సెప్టెంబర్‌లో ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వదిలినప్పుడు రేపల్లె, కొల్లూరు వైపు లంకలు మునిగాయి. అలా నీళ్లలో నానిన బండి ఆరాక స్టార్ట్ అయినా, కప్లర్‌లో మిగిలిన తడి పిన్నును మెల్లగా తినేస్తుంది. నెలలు గడిచాక లైటు వెలిగితే వరద సంగతి ఎవరికీ గుర్తు రాదు. ఇక గడ్డివాము పక్కన, ధాన్యం కొట్టం దగ్గర పెట్టిన బండికి ఎలుకల బెడద ఉండనే ఉంది. వైరింగ్ టేపు వెంబడి పంటి గాట్లు వెతకండి.

వైరు బాగుంటే కొలతలకు దిగాలి. మూడు వైర్ల సెన్సార్లలో చాలావాటికి కీ ఆన్ చేస్తే ఒకదాంట్లో 5 వోల్టులు రావాలి, ఇంకోదాంట్లో ఎర్త్ దొరకాలి. ఇవి రాకపోతే కొత్త సెన్సార్ వేసినా పనిచేయదు. కూలెంట్ టెంపరేచర్ సెన్సార్‌ని పరీక్షించడం మరీ తేలిక. చల్లగా ఉన్నప్పుడు వేల ఓముల్లో ఉండే నిరోధం, మరిగే నీళ్లలో కొనను ముంచితే వందల్లోకి దిగాలి. దిగకపోతే అది పోయినట్టే. క్రాంక్ సెన్సార్‌తో మాత్రం జాగ్రత్త. వేడెక్కితే బండి ఆగిపోయి, చల్లారాక మళ్లీ స్టార్ట్ అవుతుంటే వేడి మీదే పరీక్షించాలి, లేకపోతే దొరకదు. హాల్ రకం సెన్సార్‌ని ఓముల్లో కొలిచి తీర్పు చెప్పకూడదు.

అపోహ: ఆక్సిజన్ సెన్సార్ కప్లర్ పీకేస్తే మైలేజీ పెరుగుతుంది.

వాస్తవం: సంకేతం అందకపోతే ఇంజన్ కంప్యూటర్ అంచనా మీద ఇంధనం పోస్తుంది, సాధారణంగా ఎక్కువే పోస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇ20 పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. దానికి తగ్గట్టు పాళ్లు సరిదిద్దడానికి ఆధారం ఈ సెన్సారే.

అపోహ: బ్యాటరీ వైరు తీసి పెడితే లైటు ఆరింది కాబట్టి రిపేరు అయిపోయింది.

వాస్తవం: చెరిగింది కోడ్, రోగం కాదు. మెకానిక్‌కి పనికొచ్చే సాక్ష్యం కూడా దాంతోపాటే పోయింది.

అపోహ: కప్లర్ అతికితే ఏ సెన్సారైనా ఒకటే.

వాస్తవం: ఆకారం ఒకటైనా లోపలి కొలతలు వేరుగా ఉండొచ్చు. పాతదాని మీది పార్ట్ నంబర్ చూసే కొనండి. ఇంజన్ చల్లారాక బ్యాటరీ నెగెటివ్ తీసి, కప్లర్ లాక్ నొక్కి విప్పాలి, వైరు పట్టుకుని లాగకూడదు. ఓ-రింగ్ కొత్తది వేయాలి. ఆక్సిజన్ సెన్సార్ మర మీద సిలికాన్ గమ్ము రాయనివ్వకండి, దాని ఆవిరికే సెన్సార్ కొన పాడవుతుంది. బిగించాక కోడ్ చెరిపి కొంత దూరం తోలి, మళ్లీ స్కాన్ చేయించండి.

అపోహ: లైటు మిణుకు మిణుకుమంటున్నా ఇంటిదాకా వెళ్లిపోవచ్చు.

వాస్తవం: కార్లలో అది సాధారణంగా తీవ్రమైన మిస్సింగ్‌కి గుర్తు. మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది. చాలా కార్లలో దాని ధర సెన్సార్ ధరకు ఎన్నో రెట్లు. బండి పక్కన ఆపి మెకానిక్‌నే అక్కడికి పిలిపించండి.