నేలను తాకిన పిదప

జి. కొండూరు తోపులలో మామిడికాయలు నింపిన రెండుచక్రముల బండిని ఎడ్లు ముందునుండి లాగినంతసేపు అది తిన్నగా వెంటవచ్చును గాని, ఎడ్లను విప్పి మనుష్యులు వెనుకనుండి త్రోసిరేని కుడికో యెడమకో మళ్లుచునే యుండును. తోకక్రింద చిన్నచక్రముగల శిక్షణవిమానము నేలపై పరుగిడునపుడు సంభవించునదియు నిదియే. దాని ప్రధానచక్రములు రెండును గురుత్వకేంద్రమునకు ముందుండును. బరువంతయు వెనుకనుండి వానిని త్రోయుచుండును. నేలను తాకు క్షణమున ముక్కు కొంచెము ఓరగా నున్నను, ప్రక్కగాలి విమానమును జరుపుచున్నను, చక్రములు నేలను పట్టుకొనుచుండగా వెనుకటి బరువు తన పూర్వదిశలోనే సాగబోవుటచే తోక ప్రక్కకు వచ్చును. వచ్చినకొలది ఆ త్రిప్పుడు హెచ్చి, తుదకు విమానము గిఱ్ఱున తిరిగి, వెలుపలి రెక్కకొన నేలను గీరును, ఒక్కొకప్పుడు చక్రపుకాలు విరుగును. వైమానికులు దీనిని గ్రౌండ్ లూప్ అందురు. ముక్కుచక్రపు విమానములలో ప్రధానచక్రములు బరువునకు వెనుకనుండుటచే ఆ బరువే విమానమును సరిదిద్దును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున హైదరాబాదు బేగంపేటలో యువకులు అభ్యసించిన టైగర్ మాత్‌కు తోకచక్రమైనను లేదు, నేలను రాచుకొనిపోవు ఒక స్కిడ్ మాత్రమే, బ్రేకులును లేవు. అయినను విశాలమైన పచ్చికమైదానమున గాలి ఏ దిక్కునుండి వీచిన ఆ దిక్కునకే యెదురుగా దిగు వీలుండెడిది, పచ్చిక చక్రమును గట్టిగా పట్టక కొంత జారనిచ్చెడిది. తారురన్‌వే అట్లు క్షమింపదు: దాని దిక్కు మారదు, పట్టు విడువదు. వి. ఎం. ఘాటగే రూపకల్పనలో బెంగుళూరున నిర్మితమై 1951 ఆగస్టు 5న తొలిసారి ఎగిరిన హెచ్.టి.-2 శిక్షణవిమానము, 1958లో ఎగిరి దేశమందలి ఫ్లయింగ్ క్లబ్బులకు చేరిన 90 అశ్వశక్తుల పుష్పక్, రెండును తోకచక్రపువే.

శిష్యునకు కష్టము పలుమార్గముల వచ్చును. తోక క్రిందికుండుటచే ఎత్తైన ముక్కు ఎదుటి రన్‌వేను కప్పివేయును. అతడు అంచులనుబట్టి దిశ గ్రహింపవలెను. వేగము తగ్గినకొలది, కాళ్లతో పెడళ్లను నొక్కి త్రిప్పెడి తోకచుక్కానియగు రడ్డరుపై గాలి బలము సన్నగిల్లును, అనగా కాళ్లకు పని అత్యధికమైన వేళకే వాని సాధనము దుర్బలమగును. సరిగా ఆ వేళకే, చక్రములు నేలను తాకినవన్న సంతోషముతో, శిష్యుని మనస్సు సడలును. నా యెఱిగినంతలో మూలము ఈ సడలుటయందే యున్నది. గాలిలో చేతులకు దొరకిన శిక్షణ కాళ్లకు దొరకదు. విమానము పూర్తిగా ఆగువరకు స్టిక్కును వెనుకకు పట్టి, పెడళ్లపై చిన్నచిన్న ఒత్తిడులతో, తప్పు కంటబడకమునుపే దిద్దుచుండుట శిక్షకుడు ఓపికతో నేర్పవలసిన విద్య. ఇట్టి ప్రమాదములలో ప్రాణహాని అరుదు గనుక వీనిని నవ్వులాటగా తలచువారు గలరు. అది అన్యాయము. పరిహాసమునకు వెఱచిన కుఱ్ఱవాడు తాకిన రెక్కకొనను చెప్పక దాచును. లోపల చీలిన బద్దతో ఆ విమానము మరియొకనిని మోసికొనిపోవును.

ఇక గంతుల మాట. ప్రధానచక్రములు బలముగా ముందు తాకినచో వెనుకటి బరువు తోకను క్రిందికి దింపును, రెక్కలు గాలిని మరింత కోణమున ఎదుర్కొని విమానమును మరల లేపును. భయపడి స్టిక్కును ముందుకు నెట్టినచో ముక్కు వ్రాలి రెండవ తాకుడు మొదటిదానికంటె కఠినమగును. ప్రొపెల్లరు నేలను కొట్టుటయు గలదు. చిన్న గంతైనచో విమానపు భంగిమను మార్చక వేచియుండిన అదియే కుదురుకొనును. పెద్దదైనచో థ్రోటిల్ పూర్తిగా తెరచి, మరల పైకెక్కి, ఒక చుట్టు తిరిగి వచ్చి దిగవలెను. శిక్షకుడు ప్రక్కన లేకుండ శిష్యుడు ఒంటరిగా ఎగురు నాటికి ఈ నిర్ణయము ఆలోచనకు ముందే అతని చేతికి అలవాటై యుండవలెను.