తుపాకిమందు తూటాయు గుఱి నిలుకడయు

ఆంగ్లేయులు "నల్లపొడి" యని వ్యవహరించు పాతకాలపు తుపాకిమందును మాటకు మాటగా తెనిగించి "నల్లమందు" అన్నచో పెద్ద చిక్కు వచ్చును. మన భాషలో నల్లమందనగా అభిని. కావున పెట్లుప్పు, బొగ్గు, గంధకము కలిసిన పొడిని ఈ వ్యాసమునందు తుపాకిమందనియే పిలిచెదను. చిత్రమేమనగా, మా యానాం వంటి ఫ్రెంచి స్థావరముల చరిత్రలో ఈ రెండు మందులును ఒకే పత్రమున చేరినవి. 1814 నాటి పారిస్ సంధి ప్రకారము ఆంగ్లేయులు ఈ స్థావరములను తిరిగి యిచ్చుచు, కోటలు కట్టరాదనియు, శాంతిభద్రతలకు కావలసినంతకు మించి సైనికుల నుంచరాదనియు నిర్బంధించిరి. 1815 మార్చి 7వ తేదీన లండనులో జరిగిన ఒడంబడికలో మాత్రము ఫ్రెంచివారు ఏటేట 300 పెట్టెల నల్లమందును, 18,000 మణుగుల పెట్లుప్పును కొనుక్కొనుట కంగీకరించిరి. కోట వలదు, పెట్లుప్పు మాత్రము కావలసినంత! పెట్లుప్పు లేనిదే తుపాకిమందు లేదు. ఆ కాలమున అది రాజ్యముల బేరసారములలోని వస్తువు.

వైద్యుని మందునకు వలెనే ఈ మందునకును మోతాదు కలదు. మోతాదు పెంచిన గుండు దూరము పోవును గదా, గుఱియు బాగుండునని సామాన్యులు తలతురు. అది సరికాదు. గుఱికి వలయునది బలము కాదు, సామ్యము. మొదటి తూటా ఎట్లు పేలినదో పదియవ తూటాయు నట్లే పేలవలెను. ఒక చిన్న లెక్క చూడుడు. సెకనుకు 400 మీటర్ల వేగముతో వెడలిన గుండు 500 మీటర్ల దూరము చేరుటకు 1.25 సెకనులు పట్టును. ఆ వ్యవధిలో భూమ్యాకర్షణచే సుమారు 7.66 మీటర్లు క్రిందికి దిగును. తరువాతి గుండు 390 మీటర్ల వేగముతో వెడలినచో 8.06 మీటర్లు దిగును. గాలి యొక్క నిరోధమును పూర్తిగా విడిచిపెట్టినను, రెండు గుండ్ల నడుమ 40 సెంటీమీటర్ల ఎడము. తుపాకి పట్టినవాని చేయి వణకలేదు, కన్ను చెదరలేదు. తప్పంతయు తూటా నింపినవానిది. నూటికి రెండున్నర పాళ్ల వేగభేదము ఇంత పని చేయుచున్నది.

పూర్వపు తుపాకులకు ఈ విచారమే లేదు. 1758 డిసెంబరులో పిఠాపురమునకు సమీపముననున్న చందుర్తి యొద్ద ఫోర్డు నాయకత్వమున ఆంగ్లేయులును, వారికి తోడుగా విజయనగరపు ఆనంద గజపతిరాజును, కాన్‌ఫ్లాన్సు నాయకత్వమున ఫ్రెంచివారును తలపడిరి. ఫోర్డు తన ఐరోపా పటాలము ఎదుట ఏపుగా పెరిగిన చేను మఱుగై యుండెను. ఎఱ్ఱ చొక్కాలు తొడిగిన సిపాయిలను ఫ్రెంచివారు ఐరోపా పటాలమని భ్రమించి వారిపై పడగా, చేని మఱుగుననున్న అసలు పటాలము ప్రక్కనుండి కాల్పులు సాగించెను. ఉత్తర సర్కారుల భవితవ్యమును మార్చిన ఆ యుద్ధమునందు ఒంటి గుండు గుఱితో పని లేకపోయెను. వరుసగా నిలిచి, దగ్గఱనుండి, అందఱు నొక్కసారిగా కాల్చుటయే నాటి విద్య. గొట్టము లోపల నున్నగా నుండెడిది. త్వరగా దట్టించుటకై గుండును గొట్టము కంటె సన్నముగా పోత పోయుచుండిరి. ఆంగ్లేయుల తుపాకి గొట్టము ముప్పాతిక అంగుళము. గుండు అంతకంటె 0.06 అంగుళము తక్కువ. అట్టి గుండు గొట్టమునందు ఇటునటు తగులుకొనుచు వెలువడును. చివరకు ఏ ప్రక్క తగిలినదో ఆ తాకిడిని బట్టి తిరుగుడు పొందును.

ఈ రహస్యమును మొదట వివరించినవాడు బెంజమిన్ రాబిన్సు. 1742లో ఆయన ప్రకటించిన ఫిరంగి శాస్త్ర గ్రంథము తుపాకి విద్యను గణితమునకు లోబఱచినది. బరువైన కొయ్యపలకను ఊయలవలె వ్రేలాడదీసి దానిపై గుండు పేల్చి, ఊగిన దూరమును బట్టి గుండు వేగమును లెక్కగట్టెను. కొన ఎడమకు వంచిన గొట్టమునుండి వెడలిన గుండు మొదట ఎడమకు సాగి పిదప కుడికి మఱలుటను జూపి, గాలిలో గుండు వంకరపోవుటకు దాని తిరుగుడే కారణమని నిరూపించెను. గుండునకు తిరుగుడు తప్పనప్పుడు, దానిని మనమే గొట్టము నిడివి యక్షముపై నియమించిన మేలుగదా! మెలి చాళ్లు గల రైఫిలు గొట్టము చేయునది ఇదే. ఇంతటి పండితుడు ఈస్టిండియా కంపెనీ కోటల బాగుసేతకై మన తీరమునకు వచ్చి, 1751 జూలైలో కడలూరు దాపుననున్న సెంట్ డేవిడ్ కోటలో జ్వరముచే మరణించెను. పుదుచ్చేరికి కూతవేటు దూరమని చెప్పవచ్చును. ఫ్రెంచి, ఆంగ్ల సైనికులు ఇరువురును మఱి నూఱేండ్లు నున్నని గొట్టములతోనే పోరాడిరి.

చాళ్లలో గుండు బిగియవలెను. బిగిసినచో దట్టించుట కష్టము. 1849లో ఫ్రెంచి అధికారి మినియె ఈ చిక్కును విడదీసెను. అడుగున గుంటగల పొడవాటి గుండు సులభముగా జారును, మందు పేలగనే అడుగు విచ్చుకొని చాళ్లను పట్టును. దీని ననుసరించినదే 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలు. 1857 తిరుగుబాటునకు నిమిత్తమైన క్రొవ్వు పూసిన కాగితపు తూటా దీనిదే. మతవిషయము అందఱెఱిగినదే, ఇక్కడ చెప్పదగినది, ఆ జిడ్డు తూటాకు అలంకారము కాదనుట. తుపాకిమందు కాలినప్పుడు దాని బరువులో సగమునకు పైగా ఘనపదార్థముగా మిగులును. అది మసియు మష్టుగా గొట్టమును పూయును. జిడ్డు తగిలిన మష్టు మెత్తబడును. లేనిచో గట్టి పెచ్చై తరువాతి గుండును అడ్డగించును. పిమ్మట సిపాయిలు తమకు సమ్మతమైన జిడ్డును తామే పూసికొనవచ్చునని ఉత్తరువులు వెలువడినవి. తేనెమైనమును, నేతిని కలిపి వాడిననుకొన్నచో అది ఏమాత్రము తీసిపోని పదార్థమే. మన దేశపు వేడికి మష్టు ఎండి గుండు దిగక ఇబ్బంది కలుగుటచే, 1859లో ఎన్‌ఫీల్డు గుండు మందమును 0.568 నుండి 0.55 అంగుళమునకు తగ్గించిరి. రోహిణీకార్తె వడగాలిలోను, శ్రావణపు ముసురులోను ఒకే తూటా ఒకే తీరున పనిచేయదని దీనివలన తెలియుచున్నది.

తరువాత ఇత్తడి డొల్లల తూటాలు వచ్చినవి. యానాం సరిహద్దునకు ఇరుప్రక్కల జెండాలు నిలిపిన రెండు దేశములును ఇంచుమించు ఒకే నిర్ణయమునకు వచ్చుట గమనింపదగినది. ఆంగ్లేయులు 1871లో స్వీకరించిన మార్టినీ హెన్రీ తూటాలో 85 గ్రెయిన్ల మందు, అనగా ఐదున్నర గ్రాములు. గుండు బరువు 31 గ్రాములు. ఫ్రెంచివారి 1874 నాటి గ్రా రైఫిలు తూటాలో 5.25 గ్రాముల మందు, 25 గ్రాముల గుండు. రెండింటను గుండునకు కాగితము చుట్టుదురు. సీసము చాళ్లకు అంటుకొనకుండుట కిది రక్ష.

ఆ యేడే, 1874 సెప్టెంబరు 26న, న్యూయార్కు సమీపమున క్రీడ్‌మూరు మైదానమున ఐర్లండు, అమెరికా జట్లు 800, 900, 1000 గజముల దూరములందు పోటీపడినవి. ఐర్లండువారు మూతినుండి దట్టించు తుపాకులు, అమెరికావారు వెనుకనుండి తూటా పెట్టు తుపాకులు పట్టిరి. అమెరికాకు 934, ఐర్లండునకు 931 గుర్తులు వచ్చినవి. ఐర్లండు వీరుడొకడు ప్రక్కవాని లక్ష్యమును నడిబొడ్డున కొట్టుటచే నాల్గు గుర్తులు పోయినవి. గుఱి దివ్యముగా కుదిరినది, లక్ష్యమే తనది కాదు! ఈ తుపాకిమందు తూటాల పోటీలు అమెరికాలో నేటికిని జరుగుచున్నవి. తూటా నింపు కళ యంతయు అచ్చటనే నిలిచియున్నది. మన దేశమున అనుమతి పత్రము లేనిదే తూటా చేయుట 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము నేరము. కావున క్రింది విషయములను పాఠకులు జ్ఞానార్థము గ్రహింతురుగాక.

మొదటిది మందు. అది పిండివలె గాక రవ్వవలె గింజకట్టి యుండవలెను. గింజ సన్నమైన కొలది వేగముగా మండును; కావున సన్నరవ్వను, ముతకరవ్వను కలుపుట గుఱికి శత్రువు. ఒకే డబ్బాలోని మందును, పొడి తావున నిలువ యుంచి, ఒకే విధముగా కొలువవలెను. సోలతో బియ్యము కొలుచునప్పుడు అదిమిన సోలకు, అదమని సోలకు గల భేదము మన యిల్లాండ్రందఱు నెఱిగినదే. అందుచే నిపుణులు మందును తూచి, రెండడుగులకు మించిన పొడవుగల సన్నని గొట్టముద్వారా డొల్లలోనికి మెల్లగా రాల్తురు. ఎత్తునుండి జారిన గింజలు ఒకదాని సందులో నొకటి కుదురుకొని మందుస్తంభము సమముగా నేర్పడును. దానిపై అట్ట బిళ్ల నుంచి మితముగా అదుముదురు. బిళ్లకును గుండునకును నడుమ గాని, మందులో గాని ఖాళీ యుండరాదు. ఖాళీ యున్న తూటా ఒకసారి మందముగా, ఒకసారి ఉద్ధృతముగా పేలును; గొట్టము ఉబ్బుట కూడ కలదు. ఎంత యదుమవలెనను దానికి ఒకే నియమము లేదు, మందు జాతిని బట్టి మారును. ఒకసారి నిశ్చయించిన పిదప ప్రతి తూటాకును అంతియే.

రెండవది గుండు. మెత్తని సీసమునకు తగరము కొంచెము చేర్తురు: పదునాఱు మొదలు నలువది పాళ్ల సీసమునకు ఒక పాలు. అచ్చు చల్లగా నున్నచో ముడుతలు పడును. లోపల గాలిబుడగ నిలిచినచో ఆ గుండు పైకి ముద్దుగా కనబడును, కాని బొంగరము ప్రక్కబరువైనట్లు గాలిలో ఊగును. తక్కెడ తప్ప దానిని పట్టియిచ్చునది లేదు. తేలికగా తూగిన గుండును కరగించి మరల పోయుటే మేలు. జిడ్డునకు తేనెమైనము, జంతువుల క్రొవ్వు, చెట్ల నూనెలు తగును. యంత్రములకు పూయు రాతినూనెలు తుపాకిమందుతో కలిసి తారువలె గట్టిపడును. డొల్లలు ఒకే పొడవున, టోపీలు ఒకే జాతివై యుండవలెనని వేఱుగ చెప్ప నక్కఱలేదు.

మూడవది మష్టు. తూటాలెంత సరిగా నున్నను, మొదటి గుండు శుభ్రమైన గొట్టములో, పదియవది పెచ్చుకట్టిన గొట్టములో నడచినచో సామ్యమెక్కడ? కావున ప్రతి గుండు వెనుక తడిగుడ్డతో తుడుతురు; లేదా వెనుకనుండి చిన్న గొట్టముతో నోటి ఊపిరిని ఊది ఆ తేమతో మష్టును మెత్తబఱతురు. ఎన్ని సార్లు ఊదవలెనో అదియు లెక్కయే. పరీక్షించునప్పుడు ఒకసారి ఒక్కదానినే మార్పవలెను. మందును, బిళ్లను, జిడ్డును ఒక్కుమ్మడిగా మార్చినవానికి మేలు కలిగినను కారణము తెలియదు. మూడు గుండ్లు దగ్గఱగా పడినవని సంతసించుట కూడ తగదు. పదేసి చొప్పున పలుమాఱులు కాల్చి, బాగుపడినవానిని మాత్రమే గాక అన్నింటిని లెక్కలోనికి తీసికొనవలెను. మా పాఠశాల విద్యార్థులకు శాస్త్రపాఠములు వేఱొక భాషలో జరుగును. ఈ సంగతి తెలుగున చెప్పినప్పుడు వారికి తూటాకంటె ఈ పరీక్షామార్గమే నచ్చినది.

తూటా విలువ మన మన్యమువారికి తెలిసినంతగా మఱెవరికిని తెలియదు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీలలో అల్లూరి సీతారామరాజు దళము చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి రక్షకభట నిలయములపై పడి 26 తుపాకులను, సుమారు 2,500 తూటాలను గైకొన్నది. భాగించి చూడుడు: తుపాకి యొకటికి నూఱు తూటాలైన లేవు. బాణములను అడవిలోని వెదురుతో మరల చేసికొనవచ్చును. ఇత్తడి డొల్లను, టోపీని కొండమీద చేయుట సాధ్యము కాదు. ప్రభుత్వము వారికి ఖర్చైన తూటాకు బదులు మఱునాడు మఱియొక పెట్టె వచ్చును. సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో స్కాట్ కవర్డు, హైటరు అను అధికారులిద్దఱు నేలగూలుటకు దళమువారు తావును, వేళను ఎన్నుకొన్న నేర్పే ముఖ్యమని నా అభిప్రాయము. ఇఱుకు దారిలో దూరమును తగ్గించినచో తూటాలోని లోపములును తగ్గును. పైన చూపిన 40 సెంటీమీటర్ల ఎడము 50 మీటర్ల దూరమున నాల్గు మిల్లీమీటర్లే.

1886లో ఫ్రెంచివారు పాల్ వియే కనిపెట్టిన పొగలేని మందుతో లెబెల్ రైఫిలును ప్రవేశపెట్టుటతో సైన్యములలో తుపాకిమందు ప్రాభవము తగ్గిపోయెను. కొత్త మందును పాత కొలతతో పాత తుపాకిలో నింపినవాని చేతిలో గొట్టము బ్రద్దలగును. ఈ రెంటిని ఒకే పేర "మందు" అనుట ప్రమాదహేతువు. డబ్బాపై పేరు స్పష్టముగా వ్రాసియుంచవలెను.

కడపట శుభ్రత. కాలిన మందు మష్టులో లవణములుండును. అవి గాలిలోని తేమను పీల్చును. వానకాలమున మా ఫరంపేటలో మూతతీసిన ఉప్పుజాడీ అడుగున నీరూరుట చూచినవారికి, గోదావరి మొగ గాలిలో కడుగని తుపాకి గొట్టము తెల్లవారునప్పటి కేమగునో వేఱుగ వర్ణింప నక్కఱలేదు. లవణము నూనెలో కరగదు. కావున ముందు సబ్బునీరు, పిదప మంచినీరు, పొడిగుడ్డ, అటుపిమ్మటనే నూనె.