కైగల్ ఏటి చెంత పగటి విడిది - రాత్రి బస మాత్రం వేరుచోట

మదనపల్లె: పడక, వంటగది, మరుగుదొడ్డి అన్నీ బండిలోనే అమర్చుకుని కుటుంబ సమేతంగా బయలుదేరే క్యారవాన్ యాత్రలపై మన రాష్ట్రంలోనూ ఆసక్తి కనిపిస్తోంది. ఏటి ఒడ్డున బండి నిలిపి ఒకటి రెండు రాత్రులు గడపాలన్నది ఇట్టి యాత్రికుల ప్రధాన అభిలాష. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం వెళ్లేవారికి ఇందుకు తగిన చోటుగా మొదట తోచేది కైగల్ జలపాతం. అచట పగలు గడపడం ఆనందదాయకమే. రాత్రి నిలవడం మాత్రం ప్రమాదకరం. కారణం ఏనుగులు.

పలమనేరు - కుప్పం రహదారికి చేరువలో, బైరెడ్డిపల్లె మండలంలో ఈ జలపాతం గలదు. సుమారు 40 అడుగుల ఎత్తు నుంచి నీరు బండలపైకి దుముకుతుంది. అందుకే స్థానికులు దీనిని 'దుముకురాళ్లు' అని పిలుస్తారు. ఇంతకంటే తగిన పేరు ఏ పర్యాటక శాఖా పెట్టలేదేమో! కైగల్ ఏరు, కౌండిన్య నది రెండూ పాలారుకు ఉపనదులు. 1980వ దశకంలో పొరుగు రాష్ట్రాల అడవుల నుంచి వలస వచ్చిన ఏనుగులు ఈ ప్రాంతంలో స్థిరపడ్డాయి. వాటి రక్షణార్థం 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో కౌండిన్య వన్యప్రాణి అభయారణ్యం ఏర్పాటైంది.

పెద్ద ఏనుగు రోజుకు వంద లీటర్లకు పైగా నీరు త్రాగుతుంది. ఎండవేళ చెట్ల నీడన ఉండి, పొద్దు వాలిన పిదప నీటి వైపు, పొలాల వైపు కదులుతుంది. మనకు చక్కని విడిదిగా కనిపించే ఏటి ఒడ్డు దానికి నిత్యం నడిచే దారి. బండిలోని అరటిపండ్లు, బెల్లం, బియ్యం వాసనను అది దూరం నుంచే పసిగట్టగలదు. కేకలు వేసినా, దీపాలు వేసినా బెదిరి పైకి రావచ్చును. ఈ సరిహద్దు గ్రామాల రైతులకు వరి, చెరకు పొలాల్లో ఇది ఏళ్ల తరబడి అనుభవమే. పంటలతో పాటు ప్రాణాలు కోల్పోయిన వారూ ఉన్నారు. ఏనుగుల గుంపులను అడవిలోకి మళ్లించే నిమిత్తం 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం మన రాష్ట్రానికి కుంకీ ఏనుగులను అప్పగించగా, పలమనేరు సమీపంలోని ముసలిమడుగులో వాటికి శిబిరం ఏర్పాటైంది.

కావున రాత్రి బసకు హార్సిలీ హిల్స్ మేలు. మదనపల్లెకు సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, 1,265 మీటర్ల ఎత్తున గల ఈ కొండపై పర్యాటకాభివృద్ధి సంస్థ వారి విడిది గృహాలున్నాయి. ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కువ గనుక పెద్ద బండ్లు వెలుగుండగానే పైకి చేరాలి. ఉదయమే దిగి, మధ్యాహ్నానికి కైగల్ చేరి, ఎండ తగ్గుముఖం పట్టగానే బయలుదేరితే చీకటి పడకముందే కుప్పం పట్టణంలో ఉండవచ్చును. వానలు కురిసిన నెలల్లో జలపాతం నిండుగా ఉంటుంది. బండలపై పాచి కూడా అప్పుడే ఎక్కువ.

బండిలోని మురుగు తొట్టిని ఏటిలో గాని, ఒడ్డున గాని ఖాళీ చేయరాదు. ఆ నీరే దిగువన పాలారులో కలుస్తుంది. బయలుదేరే ముందు ఏనుగుల సంచారం గురించి పలమనేరు, కుప్పం అటవీ సిబ్బందిని విచారించుకోవాలి. గుంపు దగ్గరలో ఉన్నదని వారు చెప్పిన రోజున పగటి విడిదిని కూడా మానుకోవాలి.