టర్కీ కోళ్లలో పుంజేది? పెట్టేది?

1612వ సంవత్సరంలో ముకర్రబ్ ఖాన్ గోవాలో కొని తెచ్చి సమర్పించిన వింత జీవాలలో ఒక పక్షి జహంగీరు చక్రవర్తిని అబ్బురపరచింది. దాని పేరేమిటో ఆస్థానంలో ఎవరికీ తెలియదు. పేరు తెలియకపోయినా రూపాన్ని మాత్రం చక్రవర్తి తన స్వీయచరిత్రలో ఎంతో ఓపికగా వర్ణించాడు. మదించినప్పుడు అది నెమలివలె పురి విప్పుతుందనీ, దాని తల, మెడ క్షణానికొక రంగు మారుస్తాయనీ, తలమీది కండ ఒకప్పుడు ఏనుగు తొండంవలె జానెడు పొడవున వేలాడి, మరొకప్పుడు ఖడ్గమృగం కొమ్మువలె నిలుస్తుందనీ వ్రాశాడు. ఆస్థాన చిత్రకారుడు ఉస్తాద్ మన్సూర్ గీసిన దాని చిత్రం లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నది.

ఆ పక్షి టర్కీ కోడి. చక్రవర్తి వర్ణించినది నిస్సందేహంగా పుంజునే. పెట్టను మాత్రమే చూసి ఉంటే అన్ని ఉపమానాలు అవసరమయ్యేవి కావేమో!

దీని పేరు కథ కూడ తమాషా అయినది. ఇంగ్లీషువారు దీనికి తురుష్క దేశం పేరు పెట్టారు. తురుష్కులేమో దీనిని ‘హిందీ’ అన్నారు. ఫ్రెంచివారి మాటకు మూలార్థం ‘ఇండియా నుంచి వచ్చినది’ అని. మనవారు సీమకోడి అన్నారు. అసలు పుట్టిల్లు మెక్సికో ప్రాంతం కాగా, ఎవరికి వారు దీనిని పరాయి దేశం ఖాతాలోనే వేసుకున్నారు.

చక్రవర్తికి వినోదమైన ఈ పక్షి, పెరట్లో నాలుగింటిని పెంచుకోదలచిన చిన్న రైతుకు బ్రతుకుతెరువు. పెట్ట గుడ్డు పెట్టే వయసుకు రావడానికి సుమారు 30 వారాలు పడుతుంది. జత అని నమ్మి కొన్నవి రెండూ పుంజులని అప్పటికి తేలితే, ఏడు నెలల మేత ఖర్చుతోపాటు ఆ ఏటి పిల్లల మీది ఆశ కూడ పోయినట్లే. పైగా ఎదిగిన పుంజులు ఒకదానినొకటి నెత్తురు వచ్చేటట్లు పొడుచుకుంటాయి. మామూలుగా ఐదు పెట్టలకు ఒక పుంజు చాలును. రెండూ పెట్టలే అయితే గుడ్లు వస్తాయి గాని, పొదగవేసి 28 రోజులు ఎదురుచూచినా సాధారణంగా పిల్లలు రావు. ‘సాధారణంగా’ అనడానికి కారణమున్నది. పుంజు సంపర్కం లేని కొన్ని టర్కీ గుడ్లలో సైతం పిండం దానంతటదే పెరగడాన్ని 1950లలో అమెరికాలోని బెల్ట్స్‌విల్లే పరిశోధన కేంద్రంలో గుర్తించారు. అరుదుగా పిల్లలు కూడ బయటికి వచ్చాయి. ఆ పుట్టినవన్నీ పుంజులే!

గుడ్డు నుంచి వచ్చిన పసిపిల్లలో పైకి ఏ తేడా కానరాదు. పిల్లల గుదద్వారాన్ని సున్నితంగా విప్పి, లోపలి చిన్న బుడిపె ఆకారాన్నిబట్టి లింగ నిర్ణయం చేసే పద్ధతిని 1920లలో జపాన్ శాస్త్రజ్ఞులు కోడిపిల్లల విషయంలో రూపొందించారు. పెద్ద హేచరీలలో టర్కీ పిల్లలకు కూడ దీనిని ఉపయోగిస్తారు. అయితే ఇది గురుముఖతః నేర్వవలసిన విద్య. చేయి తిరగనివారు నొక్కితే పిల్ల ప్రాణానికే ముప్పు. కనుక మామూలు పెంపకందారు మూడు నాలుగు నెలలు ఆగడమే మేలు. ఈలోగా ఏదో ఒక పిల్ల తోక విప్పి ఠీవిగా నడిచిందని దానిని పుంజుగా లెక్క వేయరాదు. పసి పెట్టలు కూడ అప్పుడప్పుడు ఆ వేషం వేస్తాయి.

వయసు వచ్చిన తరువాత మొదట చూడవలసినది తల. పుంజు తల, మెడ దాదాపు బోడిగా ఉండి, ముడతలు పడి, మెడ క్రింది భాగాన ఎర్రని కండ బుడిపెలు గుత్తులుగా పెరుగుతాయి. పెట్ట తల చిన్నది. దాని నెత్తిమీద, మెడ వెనుక సన్నని ఈకలు పలుచగా ఉంటాయి. ముక్కు మొదట మొలిచే కండ తొండం రెండింటికీ ఉన్నా, పెట్టకు అది పొట్టిగానే ఉండిపోతుంది. ఇక్కడే కొనేవారు పొరబడుతుంటారు. బెదిరిన పుంజు, తీరికగా మేత మేస్తున్న పుంజు ఆ తొండాన్ని ముడుచుకుంటుంది. చక్రవర్తి ఖడ్గమృగం కొమ్ముతో పోల్చినది ఈ స్థితినే. సంత రద్దీలో, కాళ్లు కట్టిపడవేసిన పక్షిని ఒక్క చూపు చూచి తీర్పు చెప్పడం కంటె, ఎక్కడైనా విడిపించి కాసేపు గమనించడం మంచిది.

రొమ్ము మీద గుర్రపు వెంట్రుకలవలె వ్రేలాడే నల్లని కుచ్చును గడ్డమంటారు. అది పుంజు లక్షణమని చాలామంది నమ్మకం. కాని కొన్ని పెట్టలకు కూడ సన్నని గడ్డం వస్తుంది. కాలి వెనుక ముల్లు పుంజుకు కొట్టవచ్చినట్లు కనిపిస్తుంది. కంచు రంగు జాతిలో రొమ్ము ఈకల కొసలు పుంజుకు నల్లగా, పెట్టకు తెల్లగా ఉంటాయి. అయితే బరేలీ వద్ద ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ రూపొందించిన ‘కారి విరాట్’ వంటి తెల్ల జాతులలో ఈ ఆనవాలు పనికిరాదు. బరువైన జాతులలో పుంజు పెట్టకు దాదాపు రెట్టింపు తూగుతుంది. కాని ఈ పోలిక ఒకే ఈడు పక్షుల మధ్యనే చెల్లుతుంది. గొంతు కూడ ఒక సాక్ష్యమే. గొబగొబమని దూరానికి వినిపించే కూత పుంజుది. పెట్టది పొట్టి పొట్టి పిలుపు. అమెరికా అడవులలో వేటగాండ్రు రెట్టను చూచి సైతం పోల్చుకుంటారు. పుంజుది ఒక కొస వంగిన కొక్కెంలా, పెట్టది చుట్ట చుట్టుకొని ఉంటుంది.

వీటిలో ఏ ఒక్క గుర్తునూ ఒంటరిగా నమ్మక, తల, తొండం, కాలు, గొంతు నాలుగూ ఒకే మాట చెప్పినప్పుడే డబ్బు చెల్లించాలి.

ఇంతకూ పుంజు పెట్టను ఎట్లా గుర్తిస్తుంది? 1950లలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో మార్టిన్ షైన్, ఎడ్గర్ హేల్ అనే శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్న వేసుకున్నారు. పెట్ట బొమ్మను పుంజు ముందు పెట్టగా అది పురి విప్పింది. బొమ్మ నుంచి తోక, కాళ్లు, రెక్కలు ఒక్కొక్కటే తీసివేస్తూ వచ్చారు. పుంజు ఉత్సాహం తగ్గలేదు. చివరకు ఒక పుల్లకు గుచ్చిన తల మాత్రమే మిగిలింది. దాని ముందు కూడ పుంజు పురి విప్పి తిరుగుతూనే ఉన్నది. తల లేని మొండెం దానిని అంతగా ఆకర్షించలేకపోయింది.