తొలి అక్షరం పోయిన నది

చిన్నప్పుడు భూగోళం పాఠంలో మిసిసిపీ నది పేరు వల్లెవేయనివారు అరుదు. అందులోని "సిపీ" అంటేనే నది అని మా మాస్టారు చెప్పిన గుర్తు మాత్రం లేదు! అది ఉత్తర అమెరికా ఆదివాసులైన ఒజిబ్వే వారి మాట. ఆ భాషకు చెల్లెలి వరసయ్యే క్రీ భాషలో నదిని "సీపియ్" అంటారు. కెనడా పటంలో సస్కాచెవాన్ అని కనిపించే నదికి ఆ పేరు పెట్టినవారు ఈ క్రీ ప్రజలే.

అసలు పేరు "కిసిస్కాచివని సీపియ్", అనగా వడిగా పారే నది. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు ఇందులో ఒక సంగతి ముచ్చట గొలిపింది. "కిసిస్కా" అంటే వడి, "చివన్" అంటే ప్రవాహం. రెండూ కలిసిన "కిసిస్కాచివన్"ను మన సమాసం వంటిదనుకునేరు, అది క్రియ! "వడిగా పారుతోంది" అనే నిండు వాక్యం ఆ ఒక్క మాటలో ఇమిడి ఉన్నది. మనం నదులను తల్లులని కొలిచాము. వారు నది చేసే పనినే దానికి పేరుగా ఉంచారు.

రాకీ పర్వతాల్లో పుట్టి రెండు పాయలుగా దిగివచ్చే ఈ నది, ప్రిన్స్ ఆల్బర్ట్ పట్టణానికి తూర్పున ఏకమై, విన్నిపెగ్ సరస్సులో కలుస్తుంది. విన్నిపెగ్ కూడా క్రీ మాటే. అర్థం మురికినీరు, ఆ పేరుగల నగరంలో కాపురముండేవారు ఏమనుకుంటారో గాని!

1754లో ఆ దారిన వెళ్ళిన హడ్సన్స్ బే కంపెనీ ఉద్యోగి ఆంథొనీ హెండే ఈ పేరును "కీస్కాచెవాన్" అని వ్రాసుకున్నాడు. అంటే అప్పటికి తల నిలిచే ఉన్నది. 1882లో ప్రభుత్వం ఒక జిల్లాకు ఈ పేరు పెట్టేనాటికి మొదటి "కి" ఎగిరిపోయింది. 1905లో ఏర్పడిన రాష్ట్రానికీ ఆ తెగిన పేరే దక్కింది. అక్కడి సస్కటూన్ నగరానిదీ ఇదే కథ. "మిసాస్క్వటోమిన" అనే ఊదారంగు అడవిపండ్ల పేరుకు తలా తోకా రెండూ పోయాయి.

పరాయి నోట పడ్డ మాట అరగడం వింతేమీ కాదు. సొంతవారి నోట లేకుండా చేయడమే ఘోరం. క్రీ పిల్లలను ఇళ్ళనుంచి తీసుకుపోయి వసతి బడులలో ఉంచారు. అమ్మ నేర్పిన భాష మాట్లాడితే దండించారు. ఆ రాష్ట్రంలో అటువంటి చివరి బడి మూతపడింది 1996లో. 2008లో కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు.

ఈలోగా 1967లో నది దక్షిణపు పాయకు గార్డినర్ ఆనకట్ట వచ్చింది. దాని వెనుక సుమారు 225 కిలోమీటర్ల మేర నీరు నిలిచింది. అక్కడ నిలబడి "వడిగా పారుతోంది" అనడం కష్టమే.

రెజీనాలో 1976లో ఆదివాసుల కోసం మొదలైన కళాశాల ఈనాడు విశ్వవిద్యాలయం. అక్కడ క్రీ భాష బోధిస్తున్నారు. క్రీలో వ్రాసేటప్పుడు ఆ నది పేరు నేటికీ "కి"తోనే మొదలవుతుంది.